నా చేతికి నీళ్ళు పడవనుకున్న రోజులు

ఇప్పటి కుర్రాళ్ళకి బోరంటే లారీ మీద వచ్చే యంత్రం. పొద్దున వస్తుంది, ఊరంతా దద్దరిల్లేట్టు మోగుతుంది, సాయంత్రానికి ఇంకో ఊరు వెళ్ళిపోతుంది. నేను సర్కారు బోరింగు మేస్త్రీగా చేరిన రోజుల్లో బోరంటే మనుషులే. మూడు పొడుగాటి దూలాలు పైన కలిపి కట్టి బావి మీద నిలబెట్టేవాళ్ళం. దాన్ని ముక్కాలి అనేవాళ్ళం. దానికొక గిలక, గిలక మీద మోకు, మోకు కొసన ఒకదానికొకటి మర తిప్పి బిగించిన ఇనప రాడ్లు, అన్నిటికన్నా కింద మనిషి చెయ్యంత ఉలి. ఎనిమిది మంది మోకు లాగితే ఉలి లేచేది, వదిలితే రాయి మీద పడేది. పొద్దుగూకులూ ఇదే పని. మెత్తని నేలయితే రోజుకి పది అడుగులు దిగేవాళ్ళం. పల్నాటి నేలయితే రెండడుగులు దిగితే పండగే.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికొచ్చి, 'తాతా, ఈ పని నావల్ల కాదేమోననిపిస్తోంది' అంటుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్క బావి సంగతే. ఆ నాలుగు గజాల నేలలో నేను నేర్చుకున్నది మళ్ళీ ఎక్కడా నేర్చుకోలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులు. పంటలు పెంచండని సర్కారు ఊరూరా చెబుతూ, ఎండిపోయిన బావుల్లో బోర్లు దింపమని మమ్మల్ని పంపేది. నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఇల్లు నరసరావుపేట, నేతపని వాళ్ళం. మా ఇంట్లో సర్కారు ఉద్యోగం చేసిన మొదటివాణ్ణి నేనే. అందుకని చొక్కా ఇస్త్రీ మీద ఉన్న శ్రద్ధ కొన్నాళ్ళు పని మీద కూడా ఉండేది. బాగానే చేశాను.

ఆ తర్వాత ఒకే ఏడాది వరసగా మూడు బావులు తప్పాయి.

మొదటిది మాచర్ల అవతల. ఎనిమిది అడుగుల దగ్గర నల్లరాయి తగిలింది. పన్నెండు రోజులు కొట్టినా జానెడు దిగలేదు. రెండోది నలభై అడుగులు దిగాక పొడి పిండి తప్ప ఏమీ రాలేదు. మూడో బావిలో రాడ్డు మర ఊడిపోయి ఉలి బోరులోనే ఉండిపోయింది. పైకి తియ్యడానికి వారం రోజులు కొక్కేలు వేసి దేవాం, దొరకలేదు. ఇనుమంతా యుద్ధానికి పోతున్న రోజుల్లో ఉలి పోగొట్టడమంటే మాటలు కాదు. మా ఆఫీసుకి మిగిలిన ఉలి ఒక్కటే. కొత్తది మద్రాసు నుంచి రావాలి, వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు.

ఆ నెలలోనే నాకు పేరు పెట్టేశారు. గురజాలలో కాఫీ హోటల్లో కూర్చుంటే, పక్క బల్ల దగ్గర ఒకాయన నన్ను చూసి ఇంకొకాయనతో అన్నాడు, "అడుగో, ఎండు మేస్త్రీ." ఇద్దరూ నవ్వుకున్నారు. కాఫీ సగం వదిలేసి లేచిపోయాను. పేరు నాకన్నా ముందు ఊళ్ళు తిరిగేది. నేను బండి దిగేసరికే అక్కడ ఉండేది.

అలాంటప్పుడు కారంపూడికి కొంచెం ఎడంగా ఉన్న ఒక పేటకి వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. పేటలో అందరూ క్రైస్తవులు, పొలం కూలీలు. ఊరి బావిలో వాళ్ళు చేద వేయడానికి లేదు. ఎవరైనా దయతలచి తోడి పోస్తే కడవ పట్టాలి. వేసవిలో ఆ దయ కూడా ఉండేది కాదు, ఊళ్ళోవాళ్ళకే చాలేవి కావు. అప్పుడు ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి నాగులేరు ఇసకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళు చిప్పలతో కడవలకెత్తుకునేవాళ్ళు. పేటవాళ్ళే రెండేళ్ళు కష్టపడి, కూలి లేని రోజుల్లో రాయి రాయి పగలగొట్టి సొంతంగా బావి తవ్వుకున్నారు. ముప్పై అయిదు అడుగులు తవ్వినా వానాకాలం బురద తప్ప ఏమీ రాలేదు. వాళ్ళ బడి పంతులు అర్జీ మీద అర్జీ పెడితే, చివరికి సర్కారు నన్ను పంపింది.

సామాను దిగుతుంటే యాభై ఏళ్ళావిడ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. పేటలో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచాను.

"నువ్వేనంటగా ఎండు మేస్త్రీవి?" అంది.

నేను బండి మీది మోకు దించబోయి ఆగాను.

"మా బావి ఎట్టాగూ ఎండిందే. నువ్వు కొత్తగా ఎండబెట్టేదేముందిలే. దింపు సామాను."

మగవాళ్ళు చాలామంది నాపరాళ్ళ గనుల్లో పనికి పోయేవాళ్ళు. అందుకని మోకు లాగడానికి ఆడవాళ్ళే వచ్చారు. అయిదుగురు ఆడవాళ్ళు, ముగ్గురు ముసలాళ్ళు. పెద్దమ్మ ముందు నిలబడి 'హైసా' అంటే మిగతావాళ్ళు లాగేవాళ్ళు. బోరు వెయ్యాలన్నా నీళ్ళు కావాలి. ఉలి కొట్టిన రాతిపొడి బురదగా మారితేనే గొట్టంతో పైకి తియ్యగలం. కాబట్టి ఆ ఆడవాళ్ళు తాగడానికి తెచ్చుకునే నీళ్ళతో పాటు బావికి కూడా రోజుకు నాలుగు కడవలు నాగులేటి నుంచి మోశారు. నీళ్ళు తెస్తానని వచ్చినవాణ్ణి, వాళ్ళ నెత్తిమీద నీళ్ళు పెంచాను.

నాతో ఉన్న మనిషి ఒక్కడే, రాడ్లు మోసి బిగించే మా కలాసీ సాయిబు. అరవై దగ్గర పడ్డవాడు. పూర్వం ఒక మునసబు కోర్టులో బంట్రోతుగా ఉండి, వాదులనీ సాక్షులనీ మూడేసిసార్లు కేకేసి పిలిచే పని చేశాడు. ఆ పిలవడంలోనే గొంతు బొంగురుపోయి, కోర్టు వదిలి మా రాడ్లలోకి వచ్చాడు. పదిమందిలో నన్ను 'మేస్త్రీ' అనేవాడు, ఎవరూ లేనప్పుడు 'అబ్బాయ్'. నేను బాబాయ్ అనేవాణ్ణి. సంతకం తప్ప చదువు రాదు కానీ కోర్టు భాషంతా నాలుక చివర ఉండేది.

అయిదో రోజుకి పదకొండు అడుగులు దిగాం. అంతా బూడిదరంగు పిండి. చెమ్మ అనేది లేదు. పొద్దున లేవగానే నాకు మొదట వచ్చే ఆలోచన, 'ఇది నాలుగోది.' అన్నం ముందు కూర్చుంటే, 'ఈ ఆడవాళ్ళు మోసే నీళ్ళు దండగ.' పని చేస్తుంటే, 'ఇంకెవడైనా వస్తే ఈ పాటికి పడేవి.' మనిషిని చూస్తే తల దించుకునేవాణ్ణి. పెద్దమ్మ ఒకసారి సూటిగా అడిగింది, "నీళ్ళు పడతయ్యా, పడవా?"

"అనుమానమే," అన్నాను.

"మరెందుకొచ్చినట్టు?" అని మోకు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక, బండి నీడన కూర్చుని కాగితం తీశాను. సాయిబు పక్కనే చుట్ట కాలుస్తూ చూశాడు.

"ఏం రాస్తన్నావు అబ్బాయ్?"

"రాజీనామా."

"చదువు, ఇందాం."

చదివాను. రెండే వాక్యాలు. నా చేతికి నీళ్ళు పడవు గనక, నా వల్ల సర్కారుకీ ప్రజలకీ నష్టం గనక, నన్ను ఉద్యోగం నుంచి విడుదల చెయ్యవలెను.

సాయిబు చుట్ట తీసి నేల మీద నొక్కాడు. "నీ చేతికి నీళ్ళు పడవని ఎవరు చెప్పారు?"

"అందరూ అంటున్నారు."

"కోర్టులో 'అందరూ' అనేవాడు బోనెక్కడు. సాచ్చి పేరు చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. "ఏంది బాబాయ్ ఎగతాళి! మూడు బావులు సాక్ష్యం చాలవా?"

"చాలతాయో చాలవో పిలిచి అడిగితే గదా తెలిసేది. మొదటి బావిని పిలువు. అక్కడ చోటు ఎవరు చూపించారు?"

"సూపర్వైజరు గారు."

"నల్లరాయి నువ్వు పోసి పెట్టావా?"

నేను చేతిలో కాగితం మోకాలి మీద పెట్టాను.

"పోనీ, రెండోది. నలబై అడుగులు దిగి ఎందుకు లేచాం? నీళ్ళు లేవని తేలిందా?"

"లేదు. వానలు పడి, రైతు కూలీలని దుక్కులకి పిలిచేశాడు. మోకు లాగడానికి మనుషుల్లేక లేచాం."

"అంటే తీర్పు రాకముందే కోర్టు మూశారు. అది నీ మీద తీర్పెట్టా అయింది? సరే, మూడోది పిలువు."

నేను తల దించుకున్నాను. సాయిబు నా భుజం మీద చెయ్యేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మూడోది నీదే, అబ్బాయ్. దాంట్లో నేను నీ తరపున మాట్లాడను."

అతనికి తెలుసు. ఆ రోజు శనివారం. సాయంత్రం రైలెక్కి ఇంటికి పోవాలన్న తొందరలో, పొద్దున రాడ్ల మరలు చూడకుండానే దింపించాను. వదులుగా ఉన్న మర అది. ఊడిపోయింది. కానీ రిపోర్టులో 'రాతిలో ఇరుక్కుని విరిగినది' అని రాశాను. ఆ మాట మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ అబద్ధం లోపల కూర్చుని, జరిగినవీ జరగనివీ అన్నీ నా నెత్తిన వేస్తూ వచ్చిందని నాకు అప్పటికి తెలియదు.

"ఇప్పుడు నీళ్ళు పడిన బావుల్ని పిలువు," అన్నాడు సాయిబు.

"అవి లెక్కలోకి రావు బాబాయ్. అక్కడ నేల మంచిది."

సాయిబు నా మొహంలోకి చూసి, బొంగురు గొంతుతో పెద్దగా నవ్వాడు. బండి కింద పడుకున్న కుక్క లేచి పోయింది.

"నీళ్ళు పడితే నేల మంచిదా, పడకపోతే నీ చెయ్యి చెడ్డదా? ఇదేం కోర్టయ్యా! ఇరవై ఏళ్ళు బంట్రోతు పని చేశా, ఇంత అన్నేయం కోర్టు నేను యాడా చూళ్ళా!"

ఆ నవ్వు ఆగాక నాకూ నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది సాయిబు చూసీ చూడనట్టు చుట్ట వెలిగించుకున్నాడు.

ఆ సాయంత్రం బోర్ల రిజిస్టరు తీసి మొదటి పేజీ నుంచి చూశాను. నేను చేరిన దగ్గర నుంచీ దింపినవి దీనితో కలిపి పదకొండు. ఏడింటికి నీళ్ళు పడ్డాయి. అందులో ఒక బావి నాకు అసలు గుర్తే లేదు. దాచేపల్లి దారిలో ఒక ముసలి రైతు బావి. నీళ్ళు పడిన రోజు ఆయన నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అంతటి రోజుని ఎట్లా మరిచిపోయానో! హోటల్లో నవ్విన ఆ ఇద్దరి మొహాలు మాత్రం చొక్కా గుండీలతో సహా గుర్తున్నాయి.

రాజీనామా చించేశాను. ఇంకో కాగితం మీద సూపర్వైజరు గారికి రాశాను. మూడో బావిలో ఉలి పోవడానికి కారణం రాయి కాదు, నేను మర చూడకపోవడం, రిపోర్టులో తప్పు రాశాను అని. రాసి మడుస్తుంటే సాయిబు అనుమానంగా అడిగాడు, "మళ్ళీ రాజీనామా కాదు గదా?"

"కాదు బాబాయ్. జరిగింది జరిగినట్టు రాశా."

"దానికన్నా రాజీనామానే తేలిక," అని, ఆ ఉత్తరం తనే తీసుకెళ్ళి కారంపూడి తపాలాలో వేసొచ్చాడు. దారిలో నేను మనసు మార్చుకుంటానని భయం కాబోలు.

మర్నాటి నుంచి నాకు రెండు అలవాట్లు వచ్చాయి. పొద్దున ఒక్కరూ రాకముందే ప్రతి రాడ్డు మరా నేనే విప్పి, తుడిచి, ఆముదం రాసి, బిగించేవాణ్ణి. అది చేతులకి. రెండోది తలకి. 'ఇది నాలుగోది' అనే ఆలోచన రాగానే, 'సాచ్చి ఎవరు?' అని అడిగేవాణ్ణి. ఒక్కరోజులో మారిపోయానని మాత్రం అనుకోకండి. గురువారం మోకు తెగి నలుగురు వెల్లకిలా పడ్డారు. పెద్దమ్మ మోచెయ్యి చీరుకుపోయింది. వెంటనే లోపల మొదలైంది, 'చూశావా, నువ్వు పట్టుకుంటే ఇంతే.' 'సాచ్చి ఎవరు?' అనుకున్నాను. తెగిన చోట చేతిలోకి తీసుకుని చూశాను. గిలక దగ్గర ఒరుసుకుని పీచుపీచైంది. మోకు పాతది. అంతే. నేను చెయ్యాల్సింది ఆ అరిగిన చోట కోసేసి ముడెయ్యడం, ఇక నుంచి రోజూ మోకు కూడా చూడటం. పని మళ్ళీ మొదలైంది. ఇదేమంత గొప్ప విషయమని మీకనిపించవచ్చు. అంతకుముందు నెలలో అయితే నేను ఆ రోజంతా బండి కింద పడుకునేవాణ్ణి.

శుక్రవారం సూపర్వైజరు గారి జవాబు వచ్చింది. పొట్టి ఉత్తరం. 'నీ ఉత్తరం అందినది. శనివారం వచ్చుచున్నాను. సాయంత్రములోగా నీరు పడని యెడల సామాను ఎత్తవలెను. మిగిలిన ఒక్క ఉలిని నీ చేతిలో ఉంచుట నాకు ఇష్టము లేదు.'

ఆ సాయంత్రం గొట్టంతో తీసిన బురద మీద సాయిబు వేలు పెట్టాడు. బూడిదరంగులో పసుపు చార. ఇంకోసారి తీశాం. ఇంకా పసుపు. వేళ్ళ మధ్య నలిపితే ఇసక గరగర. నాపరాయి పొరల మధ్య మట్టి ఉన్న చోటికి దిగామన్నమాట. నీళ్ళుంటే అలాంటి సందుల్లోనే ఉంటాయి.

"పడతయ్యా మేస్త్రీ?" అని పెద్దమ్మ మళ్ళీ అడిగింది.

ఈసారి నేను 'అనుమానమే' అనలేదు, 'తప్పక పడతాయి' అని కూడా అనలేదు. "మట్టి మారింది పెద్దమ్మా. ఇట్టాంటి మట్టి కింద నాకు రెండు బావుల్లో నీళ్ళు పడ్డాయి. రేపు కొడదాం," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్ళకి మేస్త్రీ లాగా మాట్టాడావు," అంది.

శనివారం తెల్లవారకముందే మరలన్నీ బిగించాను. పనికి ఎనిమిది మంది రావాల్సినచోట పదిహేను మంది వచ్చారు. గనులకి పోకుండా మగవాళ్ళు కొందరు ఆగిపోయారు. పంతులు బడి పిల్లలకి సెలవిచ్చి తనూ మోకు పట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అడుగున్నర దిగాం.

సరిగ్గా అప్పుడే ఉలి ఇరుక్కుంది.

మోకు లాగితే రాడ్లు లేవడం లేదు. పదిమంది లాగారు. ముక్కాలి కిర్రుమంది తప్ప ఉలి కదల్లేదు. అదే సమయానికి కారంపూడిలో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు దిగి, ఒళ్ళంతా మసితో సూపర్వైజరు గారు బావి గట్టు మీదికి వచ్చారు. బిగిసిపోయిన మోకు వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఇదీ విరగ్గొట్టావా?"

లోపలున్నవాడు మొదలుపెట్టాడు. 'అయిపోయింది. మళ్ళీ అదే. నీ చెయ్యి ఇంతే.' ఆ క్షణంలో వాడి మాట నమ్మి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఎట్లాగూ విరిగిందనుకుని, పదిహేనుమందినీ పెట్టి బలంగా లాగించేవాణ్ణి. అప్పుడు నిజంగానే విరిగేది.

సాచ్చి ఎవరు? అని అడిగాను. మరలు పొద్దున బిగించింది నేను. ప్రతి ఒక్కటీ. మోకు వదిలితే రాడ్లు కిందికి బరువుగానే కూర్చుంటున్నాయి, వాటిని చేత్తో తడితే మోత అడుగుదాకా ఒకే తీరుగా పోతోంది. విరిగితే అట్లా పోదు.

"విరగలేదు సార్. మట్టి జారి ఉలి చుట్టూ పట్టేసింది."

"నువ్వెట్లా చెప్పగలవు?"

"పొద్దున మరలు నేనే చూశాను సార్. ఈసారి చూశాను."

ఆయన ఒక్క నిమిషం నా మొహంలోకి చూశారు. ఆ ఉత్తరం ఆయన చొక్కా జేబులోంచి కనబడుతోంది. "సాయంత్రం దాకా టైమిచ్చాను. మాట మీద ఉంటాను," అని గొడుగు వేసుకుని రాయి మీద కూర్చున్నారు.

బోరులో నీళ్ళు పోసి మట్టి వదులు చెయ్యాలి. పైనుంచి పోస్తే బావి అడుగంతా చిమ్మి పోతాయి. నేను దిగి చేత్తో పొయ్యాలి. "నీళ్ళు కావాలి పెద్దమ్మా," అన్నాను. బోరు కోసం తెచ్చిన నాలుగు కడవలూ అప్పటికే అయిపోయాయి. మిగిలింది వాళ్ళు మధ్యాహ్నం తాగడానికి చింతచెట్టు కింద దాచుకున్న రెండు కడవలు.

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె వెళ్ళి రెండు కడవలూ తెచ్చి తాడుకి కట్టింది.

నేను నడుముకి మోకు కట్టించుకుని ముప్పై అయిదు అడుగులు దిగాను. అడుగున వేడి పొయ్యిలో కూర్చున్నట్టుంది. కడవలు దిగాయి. రాడ్డు పక్కన బోరు సందులో దోసిలి దోసిలిగా నీళ్ళు పోశాను. ఒక్క చుక్క కింద పడనియ్యలేదు. పోసి, పైకి కేకేసి, మోకు కొంచెమే బిగించమని, రాడ్డు కర్రతో అటూ ఇటూ తిప్పాను. లాగొద్దు, తిప్పాలి. ఒక కడవ అయింది. కదల్లేదు. రెండో కడవలో సగం అయింది. అరచేతుల తోలు లేచింది. రాడ్డు గోరంత తిరిగింది. తర్వాత వేలంత తిరిగింది. తర్వాత ఒక్కసారిగా సుళువై, జానెడు పైకి లేచింది.

"వదలండి! ఒక దెబ్బ పడనియ్యండి!" అని అరిచాను.

వదిలారు. ఉలి పడింది. పడి ఆగలేదు. నా చేతిలోంచి రాడ్డు ఒకటిన్నర అడుగు కిందికి జారిపోయింది. కింద రాయి లేదు, ఖాళీ. ఏమైందో అర్థమయ్యేలోపు బోరు నోట్లో గుడగుడమని చప్పుడు. ముందు గాలి, తర్వాత పసుపు బురద పొంగింది. నా పాదాలు చల్లబడ్డాయి.

నోరు తెరిస్తే ఒక్క మాటే వచ్చింది, "నీళ్ళు!"

పైనుంచి సాయిబు బొంగురు గొంతు, "ఇంకా కావాలా అబ్బాయ్?"

"నీళ్ళు! నీళ్ళు!"

ఇప్పుడు పెద్దమ్మ గొంతు, కోపంగా, "ఇంక లేవయ్యా! రెండు కడవలూ నీకే పోశాం గదా, యాడ నుంచి తెచ్చేది!"

నాకు నవ్వు ముంచుకొచ్చింది. చీలమండలు మునిగాయి. ఖాళీ కడవ ముంచి, నిండా నింపి, తాడుకి కట్టి కుదిపాను. కడవ పైకి పోయింది. ఆ తర్వాత వచ్చిన అరుపు నాగులేటి అవతలి గట్టు దాకా వినపడి ఉంటుంది. ఎవరో కేకలు, ఎవరో ఏడుపు, పంతులు ప్రార్థన మొదలుపెట్టబోతే ఎవరూ వినకుండా ఈలలు. నన్ను మరిచిపోయారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేసరికి నేనే అరిచి గుర్తుచెయ్యాల్సి వచ్చింది. లాగేటప్పుడు పదిహేను మందీ ఒకేసారి లాగారు. సంతలో బుట్ట దింపినట్టు గట్టు మీదికి విసిరారు.

సాయిబు నా బురద మొహాన్ని తన తలగుడ్డతో తుడిచాడు. అతని గడ్డం వణుకుతోంది.

తేట నీళ్ళు రావడానికి సాయంత్రమైంది. అప్పటికి బావిలో నిలువెత్తు నీళ్ళు. పెద్దమ్మ మొదటి తేట చెంబు ముంచి సూపర్వైజరు గారి ముందు నిలబడింది. పేట మనిషి చేతి నీళ్ళు. ఆయన ఎవరో, ఏ కులమో అందరికీ తెలుసు. ఆమె చెంబు చాచి పట్టుకుంది, దించలేదు. ఆయన గొడుగు మూసి, రెండు చేతులతో అందుకుని గటగటా తాగారు. ఇంకో చెంబు అడిగారు.

పోతూ పోతూ నన్ను పక్కకి పిలిచారు. "నీ తప్పుడు రిపోర్టుకి సర్వీసు పుస్తకంలో రిమార్కు రాయక తప్పదు."

"రాయండి సార్."

"ఉలి మాత్రం నీ దగ్గరే ఉంచుకో," అన్నారు.

ఆ రిమార్కు రిటైరయ్యేదాకా నా పుస్తకంలో ఉంది. ప్రమోషన్ల దగ్గర రెండుసార్లు అడ్డం పడింది కూడా. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గు పడలేదని చెప్పను. కానీ అది జరిగిన తప్పు. జరిగిన తప్పు ఎంతుందో అంతే ఉంటుంది, రాత్రికి రాత్రి పెరగదు. నన్ను ఏడాది పాటు తినేసింది జరగనివి.

ఈ కథ ఇక్కడ ఆపితే బాగుంటుందని నాకు తెలుసు. కానీ నేను నిజంగా మారానని నాకు తెలిసింది నీళ్ళు పడిన ఆ రోజు కాదు. గెలిచిన రోజు ఎవడికైనా ధైర్యం ఉంటుంది.

తర్వాతి మకాం పిడుగురాళ్ళ వైపు ఒక పెద్దరైతు బావి. చానా వెడల్పు బావి. ఉత్తరపు మూల ముప్పై అడుగులు దింపాం. సాయిబు మట్టి చూశాడు, నేను మట్టి చూశాను. ఒట్టి పొడి. పదమూడు రోజుల కష్టం. రైతు గట్టు మీద తల పట్టుకు కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లోనే మాకు భోజనం. జొన్నన్నం, గోంగూర పచ్చడి, మీద ఉల్లిపాయ. నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే రైతుకి ఒళ్ళు మండినట్టుంది.

"ఏంది మేస్త్రీ, బోరు ఎండిపోతే ఇంత నిమ్మళంగా తింటన్నావు?"

"ఉత్తరం మూల ఎండిందండీ," అన్నాను. "తూర్పు మూల ఇంకా చూడలేదు గదా. ఆ పచ్చడి ఇంకొంచెం ఇటు పంపించండి."